మూడుసార్లు అమ్ముడుపోయిన పావురం

క్లబ్బు పద్దులు రాసేది నేనే, పదకొండేళ్ళుగా.
చందాలు ఎడమవైపు,
మొక్కజొన్న, బఠాణీ, పురుగుల మందు కుడివైపు.
గని మూతపడ్డాక రూడాలో మగవాళ్ళకి
పైకి చూడ్డమే పనైంది.
ముప్ఫై ఏళ్ళు నడుం వంచి బొగ్గు తవ్వినవాళ్ళు,
ఆకాశం వాళ్ళకి ఎప్పటి బాకీయో.

ఆదివారం పందెమప్పుడు మా వీధిలో
ఎవరూ దగ్గడానికి లేదు.
ఉతికిన దుప్పటి ఆరేస్తే
పిట్ట బెదిరి దిగదని మూడిళ్ళ నుంచీ తిట్లు.

మార్చిలో హుబెర్టు మనవరాలు కలీనాకి జ్వరం పట్టుకుని వదల్లేదు.
ఏప్రిల్లో దాని పేరు తెలిసింది.
ఆ పేరు నా పుస్తకంలో రాయను.
వార్డులో తల్లులు కుర్చీల్లోనే కునుకు తీస్తున్నారనీ,
ఒకావిడ నెల్లాళ్ళుగా కొడుకు మంచం కింద
నేలమీదే పడుకుంటోందనీ చెప్పి
హుబెర్టు టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
పదహారు మడతమంచాలు కావాలి.
ఒక్కోటీ ఎనిమిది వందల డెబ్బై జ్లోటీలు, రవాణా విడిగా.

వేలానికి తలా ఒక పిట్ట తెచ్చారు.
కొందరు మంచివే తెచ్చారు.
కొందరు నా కళ్ళలోకి చూడకుండా ముసలివి తెచ్చారు.
అవీ రాసుకున్నాను.
రైనోల్డు నాలుగువందల పదిహేడుని తెచ్చాడు,
బ్రస్సెల్స్ నుంచి ఒక్క పగట్లో ఇల్లు చేరిన నీలిమచ్చల ఆడపిట్టని.
అతను పావురాలకి పేర్లు పెట్టడు,
కాలి కడియం మీది అంకెలే పిలుపు.
పేరు పెడితే అమ్మడానికి చెయ్యి రాదంటాడు.
బుట్ట మూత వేసేటప్పుడు మాత్రం
దాన్ని ఏదో అన్నాడు, మెల్లగా, మా సైలీషియా యాసలో.
వినపడనట్టు రసీదు రాశాను.

ఒపోలె పళ్ళ డాక్టరు కొన్నాడు, మూడువేల రెండొందలకి.
తొమ్మిదో రోజు పొద్దున
రైనోల్డు గూటి కప్పు మీద అది,
తోకలో రెండీకలు లేకుండా, దాహంగా.
ఫోన్ చేస్తే డాక్టరు చాలాసేపు నవ్వి
"మళ్ళీ అమ్మండి" అన్నాడు.

ఈసారి రిబ్నిక్‌లో బేకరీ నడిపే గిజేలా.
ఆరు వారాలు ఇనపజాలీ వెనక రొట్టె తునకలు పెట్టి పెంచింది.
ఒక మంగళవారం తనే తలుపు తీశానంది,
ఎందుకో చెప్పలేదు, మేమూ అడగలేదు.
అక్కడినుంచి ఇక్కడికి అరగంట కూడా పట్టలేదు దానికి.

మూడోసారి మళ్ళీ ఆ పళ్ళ డాక్టరే.
నాలుగువేలు బల్లమీద పెట్టి
"పిట్టని మాత్రం తీసుకెళ్ళను, పెట్రోలు దండగ" అన్నాడు.
రైనోల్డు గొంతు సవరించుకుని
గింజల డబ్బా వెతుక్కుంటూ బయటికి పోయాడు.
డబ్బా అతని చేతిలోనే ఉంది.

ఆడిటర్ కుర్రాడు వేలు పెట్టి చూపించాడు:
ఒకే నంబరు, మూడు అమ్మకాలు, ఏమిటిది మేడమ్?
తిరిగొచ్చింది, అన్నాను.
దానికి వేరే గడి లేదన్నాడు.

మంచాలు దించిన రోజు నేనూ వెళ్ళాను.
పదహారింటిలో నాలుగు కిర్రుమంటాయి,
తల్లులు అప్పుడే ఫిర్యాదు చేస్తున్నారు, నాకు సంతోషమైంది.
కలీనా నిద్రపోతోంది.
పక్క మంచం మీది పిల్లాడు బోరిస్,
కనుబొమ్మలు కూడా లేవు,
ఫోటోలో పిట్ట కాలిని చాలాసేపు చూసి అడిగాడు:
"ఆ కడియం ఎప్పుడు తీస్తారు?"
తియ్యరు, అన్నాను.
పుట్టిన వారానికి తొడుగుతారు, పాదం పెరిగాక ఇక రాదు.
వాడు తన మణికట్టుకున్న ప్లాస్టిక్ పట్టీని ఒకసారి తిప్పాడు.
"నాది కత్తెరతో కోసేస్తారు,
ఇంటికెళ్ళే రోజు."

బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.
స్టాపులో నిలబడి, మా ఊరి మగవాళ్ళలాగే,
ఏమీ లేని చోట పైకి చూశాను.